సాయంత్రంలోపు చేరాల్సిన బుట్ట

ఈ ప్రసంగం వింటున్న మీలో కొందరి చేతిలో ఇప్పుడు కాఫీ గ్లాసు ఉండి ఉంటుంది. ఆ గ్లాసులోకి వచ్చింది ఒక పండు. మనం గింజ అంటాం, పొడి అంటాం, డికాక్షన్ అంటాం, పండు అని మాత్రం ఎప్పుడూ అనం. చెట్టు మీద అది చిన్న రేగుపండంత ఉంటుంది, బాగా పండితే ఎర్రగా మెరుస్తుంది. నోట్లో వేసుకుని నొక్కితే కాస్త తియ్యటి గుజ్జు, దానిలోపల జారిపోయే జిగురు, ఆ జిగురులో చదునైన వైపులు ఒకదానికొకటి ఆనించుకుని రెండు విత్తనాలు. పండు కొమ్మ నుంచి తెగాక గడిచే కొద్ది గంటల్లోనే ఆ విత్తనం మంచి కాఫీ అవుతుందా, మామూలు కాఫీ అవుతుందా అన్నది చాలావరకు తేలిపోతుంది. ఈ పూట ఆ కొద్ది గంటల గురించి మాట్లాడతాను.

ఒక డిసెంబరు సాయంత్రం పాడేరు మన్యంలో కాఫీ పండ్ల తొక్క తీసే ఒక ఉమ్మడి పల్పింగ్ కేంద్రం దగ్గర కూర్చున్నాను. పెద్ద కట్టడమేమీ కాదు. రేకుల షెడ్డు, ఒక యంత్రం, సిమెంటు తొట్లు, నీళ్ల పైపు, వెనకాల వాలులో వరసగా వలలు బిగించిన ఎత్తయిన బల్లలు. నాలుగు దాటాక జనం రావడం మొదలైంది. కొందరు నెత్తిన బస్తా పెట్టుకుని కాలినడకన, కొందరు ఆటోల మీద, ఒక కుర్రాడు మోటారు సైకిలుకు ముందొకటి వెనకొకటి బస్తాలు కట్టుకుని. కాటా దగ్గర నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డ యువకుడు ఆ పక్క ఊరివాడే. ఒక పెద్దావిడ తెచ్చిన బస్తాను టార్పాలిన్ మీద గుమ్మరించి, చేత్తో పరిచి చూశాడు. ఎర్రటి పండ్ల మధ్య పచ్చివీ, సగం పండినవీ కనిపించాయి.

"పిన్నీ, ఇవి ఏరెయ్యాలి."

"చీకటి పడిపోతాది బాబూ. రేపు ఏరి తెస్తాను."

"రేపటికి పండు ఉండదు పిన్నీ, పులిసిపోద్ది."

ఆవిడ మారుమాట్లాడలేదు. అక్కడే చతికిలబడి ఏరడం మొదలుపెట్టింది. కాటా దగ్గర రద్దీ తగ్గగానే ఆ అబ్బాయీ వచ్చి పక్కన కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ముగ్గురం కలిసి ఏరితే పావుగంట పట్టింది. వేళ్లకు అంటిన జిగురు ఎండి, వేళ్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి.

పచ్చి పండు మీద అంత పట్టుదల ఎందుకంటే, దానిలో తీపి తయారై ఉండదు. తొక్క వదలదు, యంత్రంలో పడితే గింజ నలుగుతుంది, చివరికి కాఫీలో నాలుక మీద వగరుగా మిగులుతుంది. మితిమీరి పండింది కోసేసరికే లోపల పులుపెక్కి ఉంటుంది. తన ఇంట్లో తన పండు తానే ఒలుచుకునే రైతుకు ఇది సొంత నష్టం. ఉమ్మడి తొట్టిలో పోసేటప్పుడు ఆ పచ్చి దోసెడు నలభై ఇళ్ల కష్టంలో కలుస్తుంది. అందుకే ఆ పావుగంట.

ఈ కేంద్రం లేకపోతే ఆవిడ ఏం చేసేది? గిరిజనాభివృద్ధి సంస్థ అయిన పాడేరు ఐటీడీఏ పరిధిలోని పదకొండు మండలాల్లో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. సాగుచేసే రైతులు కూడా రెండు లక్షలకు పైనే. అంటే సగటున మనిషికి ఎకరం, ఆ చుట్టుపక్కల. కొడగు, చిక్కమగళూరులలో పేరున్న పెద్ద ఎస్టేటుకు సొంత పల్పర్లు, సొంత కళ్లాలు, గింజను పరీక్షించే మనుషులు ఉంటారు. ఎకరం రైతుకు అవన్నీ ఎక్కణ్ణుంచి వస్తాయి? కుటుంబమంతా పొద్దుగూకే దాకా కోసినా ఒకటి రెండు బస్తాలు. దానికోసం యంత్రం కొనలేరు. కొనకపోతే పండు ఆగదు.

కొందరు చేత్తో తిప్పే చిన్న పల్పరుతో ఇంటి దగ్గరే తొక్క తీసి, గెడ్డలో, అంటే కొండవాగులో, కడిగి, ముంగిట్లో ఆరబోస్తారు. ఐటీడీఏ ఈ బేబీ పల్పర్లనూ, టార్పాలిన్లనూ చాలామందికి పంచింది కూడా. కానీ మన్యంలో డిసెంబరు ఎలా ఉంటుందో తెలుసు కదా! పొద్దున తొమ్మిదింటి దాకా మంచు, నాలుగింటికే కొండ నీడ. గింజ సరిగా ఆరక బూజు పడుతుంది. ఒక్కోసారి వాన కూడా తగులుతుంది. తడి ఆరని కాఫీ గింజ చుట్టూ ఉన్న వాసననంతా పీల్చుకుంటుంది. పొయ్యి పొగ, గొడ్ల కొట్టం, పేడతో అలికిన వాకిలి, అన్నీ దానిలోకి వెళ్తాయి. అలికిన వాకిలి ఆ ఇంటికి శుభ్రం, ఆ ఇల్లాలి శ్రద్ధ. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాఫీ గింజ స్వభావమే అంత.

ఇంకొందరు అసలు ఒలవరు. పండును పండుగానే ఎండబెట్టి సంతలో అమ్మేస్తారు. చాలా ఏళ్లు మన్యంలో ఎక్కువగా జరిగింది ఇదే. వానాకాలంలో తీసుకున్న బదులుకు జమగా కోతల్లో కాఫీ తూచేవారు. ఎర్రపండు, పచ్చిపండు, నేలరాలింది, అన్నిటికీ ఒకే ధర. అలాంటప్పుడు ఎర్రవి మాత్రమే కోయడం కోసం ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగుసార్లు ఎవరు వెళ్తారు? ఒక్కసారే కొమ్మ దూసి పారేస్తే పని అయిపోతుంది. రైతుకు శ్రద్ధ లేక కాదు. శ్రద్ధకు ధర లేక. ఉమ్మడి కేంద్రంలో ఎర్రపండుకు వేరే ధర పలుకుతుంది. తొట్లూ యంత్రాలూ దాని తర్వాతే.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. తూర్పు కనుమల్లో కాఫీ మొదట నాటింది 1898లో, పాములేరు లోయలో, బ్రోడీ అనే ఆంగ్లేయ అధికారి అని చెబుతారు. అరకు వైపు ఆ తర్వాత వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక అటవీ శాఖ తోటలు వేసింది. పోడు కొట్టి రెండు మూడేళ్లకోసారి కొండ మారే కుటుంబాలకు నీడచెట్ల కింద కాఫీ అయితే అడవి నిలుస్తుంది, ఇల్లూ నిలుస్తుంది అన్న ఆలోచనతో తర్వాత గిరిజన రైతులకే మొక్కలిచ్చారు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అని పిలుచుకునేది, కొనుగోలుకు దిగింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది అసలు కాఫీ గురించి కానే కాని ఒక చట్టం. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, అందరూ 1/70 అనేది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అది అడ్డం నిలబడింది. అది లేకపోతే ఈ కొండల మీద కాఫీకి పేరు వచ్చిన రోజునే భూములు చేతులు మారిపోయి ఉండేవి. అరకు కాఫీ ఎకరం రైతు కాఫీగా మిగిలిందంటే అందులో ఆ చట్టానికి పెద్ద వాటా ఉంది.

భూమి చేతిలో ఉన్నా యంత్రం లేదు, మార్కెట్టు లేదు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. మాక్స్ చట్టం అంటారు. ప్రభుత్వ వాటా లేకుండా, సభ్యులే డబ్బు వేసుకుని, సభ్యులే పాలకులుగా సంఘం నడుపుకోవచ్చు. అరకు లోయలో నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థతో పనిచేస్తున్న రైతులు 2007లో ఈ చట్టం కిందే తమ సంఘం పెట్టుకున్నారు. పల్లెల నుంచి పండు సేకరించి ఒకచోట శుద్ధి చేయడం, ఏ ఊరి కాఫీని ఆ ఊరి పేరుతో వేరుగా ఉంచడం అలవాటు చేశారు. 2009 నుంచి జెమ్స్ ఆఫ్ అరకు పేరుతో రుచి పోటీ పెట్టి విదేశీ రుచి నిపుణులను పిలిపించారు. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2018లో అదే పారిస్‌లో ప్రీ ఎపిక్యూర్ పోటీలో బంగారు పతకం. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు. పత్రికల్లో మీరు ఇవన్నీ చదివే ఉంటారు. ప్రభుత్వం వైపునుంచీ చింతపల్లి ప్రాంతంలో మాక్స్ సంఘంతో కలిసి ఎకో పల్పింగ్ నడిచింది. జీసీసీ కొని అరకు వ్యాలీ కాఫీ పేరుతో అమ్ముతోంది.

మళ్లీ ఆ సాయంత్రానికి వస్తాను. ఏరిన పండ్లను ముందు నీళ్లలో పోశారు. గింజ నిండని పండు, పురుగు తిన్న పండు పైకి తేలతాయి. వాటిని జల్లెడతో తీసి పక్కన పెట్టారు. మునిగినవి యంత్రంలోకి వెళ్లాయి. తొక్క ఒక పక్కకు, జిగురంటిన గింజ ఒక పక్కకు. తొక్కల కుప్ప నుంచి చెరుకు పానకం లాంటి వాసన. ఆ కుప్ప ఎరువుకు పోతుంది. గింజను తొట్టిలో వేసి రాత్రంతా ఉంచారు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఆ జిగురును తింటాయి. చలి ఎక్కువుంటే ఎక్కువ గంటలు, తక్కువుంటే తక్కువ. పన్నెండు గంటలు కావచ్చు, ముప్పై కావచ్చు. ముందే తీస్తే జిగురు వదలదు, ఆలస్యమైతే పులుపు గింజలోకి దిగుతుంది. గడియారం చూసి చెప్పే పని కాదు.

ఎలా తెలుస్తుందని తొట్టి దగ్గర కాపలా ఉన్నాయనను అడిగాను. తెల్లవారుజామున నన్ను లేపి, తొట్టిలో చెయ్యి పెట్టమన్నాడు. రెండు చేతుల మధ్య గింజల్ని పట్టి రుద్దించాడు. రాత్రి పడుకోబోయే ముందు రుద్దినప్పుడు సబ్బు ముక్కల్లా జారిపోయాయి. ఇప్పుడు ఏటి ఒడ్డున గులకరాళ్లు చేతిలో తిప్పినట్టు గరగరమన్నాయి. "ఆ చప్పుడొస్తే అయిపోయినట్టే" అన్నాడు. ఆ చప్పుడు రేడియోలో మీకు వినిపించగలిగితే ఎంత బాగుండేదో! యంత్రాలూ కొలతలూ ఎన్నొచ్చినా ఆ గరగర తెలిసిన చెయ్యి కేంద్రానికి ఒకటి ఉండాలి.

తర్వాత కడిగి, బల్లల మీద పలచగా పరిచి, పూటకు నాలుగైదుసార్లు కలియదిప్పుతూ ఆరబెడతారు. మధ్యాహ్నం మాడే ఎండలో కప్పుతారు, సాయంత్రం మంచు పడకముందే మళ్లీ కప్పుతారు. తేమ పది పదకొండు శాతానికి దిగేదాకా ఇదే పని, పది రోజులు, రెండు వారాలు. ఆడవాళ్లు బల్లల పక్కన నిలబడి నలిగిన గింజ, నల్లబడిన గింజ ఏరుతూనే ఉంటారు. ఇలా ఆరిన గింజ మీద ఇంకా పెళుసైన పొర ఒకటి ఉంటుంది. అదే పార్చిమెంటు. మరలో పొర తీశాక వచ్చేది పచ్చిగింజ. సుమారు ఆరు కిలోల పండుకు ఒక కిలో. వేయిస్తే అందులోనూ పదిహేను ఇరవై శాతం తరుగు పోతుంది. ఆ పెద్దావిడ నెత్తిన మోసుకొచ్చిన ముప్పై కిలోల బస్తా చివరికి నాలుగు కిలోల కాఫీ పొడి.

ప్రపంచంలో ఈ పద్ధతి మన దగ్గరే మొదలవలేదు. కెన్యాలో సహకార సంఘాల ఇలాంటి కేంద్రాలను ఫ్యాక్టరీలనే పిలుస్తారు. అక్కడి మంచి కాఫీకి ఎస్టేటు పేరు బదులు ఫ్యాక్టరీ పేరే ఉంటుంది. నా మనసుకు ఎక్కువ దగ్గరైంది మాత్రం రువాండా కథ. 1994 నరమేధంలో ఆ చిన్న దేశం శవాల దిబ్బ అయింది. బతికినవాళ్లలో వితంతువులు, తల్లీతండ్రీ లేని పిల్లలు. ఇళ్ల వెనక కొన్ని వందల కాఫీ చెట్లు, ఇంట్లోనే ఒలిచి ఆరబెట్టిన నాసిరకం గింజ, దానికి దక్కే నామమాత్రపు ధర. దక్షిణాన మరబా అనే చోట 1999లో కొందరు రైతులు సంఘం కట్టారు. 2001లో పెర్ల్ అనే ప్రాజెక్టు సాయంతో అక్కడ ఉమ్మడి వాషింగ్ స్టేషన్ పెట్టారు. రెండేళ్లు తిరక్కుండా మరబా కాఫీ బ్రిటన్ సూపర్ మార్కెట్లలో తన పేరుతోనే అమ్ముడైంది. 2008లో రువాండాలో కప్ ఆఫ్ ఎక్సలెన్స్ పోటీ జరిగింది, ఆఫ్రికాలో అదే మొదటిసారి. నిన్నటిదాకా ఒకరి ముఖం ఒకరు చూడలేని వాళ్లు ఒకే తొట్టి దగ్గర వరసలో నిలబడి పండు తూయించుకున్నారు. ఆ వరసలో వాళ్లు ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

ఇంత కష్టానికి విలువ కట్టేది ఒక చెంచా. స్పెషాల్టీ కాఫీ అన్న మాటను 1974లో ఎర్నా క్నూట్సెన్ అనే వ్యాపారి వాడుకలోకి తెచ్చింది. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఆమె అసలు ఉద్దేశం, ప్రత్యేకమైన నేలా గాలీ ప్రత్యేకమైన రుచినిస్తాయని చెప్పడం. తర్వాత వాడుకలో అది నూరుకు ఎనభై మార్కులు దాటిన కాఫీ అయింది. మార్కులు వేసేది ఇలా. గిన్నెలో ఎనిమిది గ్రాముల పైచిలుకు పొడి, 150 మిల్లీలీటర్ల వేడినీళ్లు. నాలుగు నిమిషాలు ఆగి, పైన కట్టిన తెట్టును చెంచాతో చీల్చి వాసన చూస్తారు. చల్లబడ్డాక చెంచాడు నోట్లోకి జుర్రుమని పీలుస్తారు. పాలు లేవు, చక్కెర లేదు, చికోరీ లేదు. మన తెలుగిళ్లలో చిక్కటి పాలతో, చికోరీ కలిపిన డికాక్షన్‌తో తాగే కాఫీ నాకూ ప్రాణమే. అందులో ఈ తేడాలన్నీ తెలియవు. ఒక్కసారైనా, ఒట్టి అరకు కాఫీని పాలు పోయకుండా, కాస్త చల్లారనిచ్చి తాగి చూడండి. ఆ బల్లల దగ్గర గింజలు ఏరిన చేతుల పనంతా అప్పుడు నాలుకకు తగులుతుంది.

కేంద్రాలకు ఇబ్బందులు లేవా? ఉన్నాయి. మొదటిది నీళ్లు. గింజ కడిగిన నీళ్లలో చక్కెరా పులుపూ ఉంటాయి. అలాగే గెడ్డలోకి వదిలితే నీళ్లలో ప్రాణవాయువు తరిగి చేప చస్తుంది, దిగువ ఊరి మంచినీళ్లు పాడవుతాయి. గుంటల్లో నిలవబెట్టి శుభ్రం చేసి వదలాలి. ఎకో పల్పర్లు జిగురును యంత్రంతోనే గీకేస్తాయి కాబట్టి నీళ్లు బాగా తక్కువ పడతాయి. మన్యంలో వేసవికి గెడ్డలు సన్నబడిపోతాయి. అక్కడ కొత్త కేంద్రం కట్టేవాళ్లు అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇది. రుచి కోసం ఊరి నీళ్లు పాడుచేస్తే ఆ రుచి నాకు అక్కర్లేదు.

రెండోది మరీ చిక్కు. కాఫీ ధర న్యూయార్క్ మార్కెట్లో తేలుతుంది. అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కింద ఉన్న కోటాలు 1989లో కూలిపోయాక ధరకు పట్టు లేకుండా పోయింది. 2001లో పౌను అరడాలరు కన్నా కిందికి పడింది. 2025 ఫిబ్రవరిలో నాలుగు డాలర్లు దాటింది. ధర పడినప్పుడు అందరూ సంఘం గుమ్మం ముందుంటారు. ధర లేచినప్పుడు వ్యాపారి జీపు వేసుకుని ఊళ్లోకే వస్తాడు. చెట్టు కిందే తూస్తాడు, పచ్చీ ఎరుపూ చూడడు, నోట్లు చేతిలో పెడతాడు. కేంద్రానికి మోసుకెళ్లి, ఏరించుకుని, మిగతా సొమ్ముకు కొన్ని నెలలు ఎదురుచూడమంటే పిల్లల ఫీజు కట్టాల్సిన ఇల్లు ఎలా ఆగుతుంది? ఆ రైతును ద్రోహి అనే మాట నేను విన్నాను, నాకు బాధ కలిగింది. సంఘం నిలవాలంటే తూకం వేసిన రోజే న్యాయమైన మొత్తం చేతికి రావాలి, అమ్మకాలయ్యాక మిగిలిన వాటా లెక్క చెప్పి ఇవ్వాలి, ఆ లెక్క రైతుకు అర్థమయ్యే భాషలో ఉండాలి. మన్యంలో కువి మాట్లాడే ఊళ్లున్నాయి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లున్నాయి. కాటా దగ్గర పక్క ఊరి అబ్బాయి నిలబడటంలో ఉన్న విలువ ఇదే.

2025లో కొత్త ముప్పు వచ్చింది. అరకు ప్రాంతపు తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండని నల్లటి పెంకు పురుగు. కాయ కొనదగ్గర సూది మోపినంత రంధ్రం చేసి లోపల గుడ్లు పెడుతుంది, పిల్లలు గింజనే తింటాయి. మన దేశంలో ఇది మొదట 1990లో నీలగిరుల్లోని గూడలూరులో బయటపడింది. ఇన్నాళ్లూ మన కొండలు తప్పించుకున్నాయి. పురుగు పట్టిన కాయల్ని కోసి, మరిగే నీళ్లలో వేసి, గొయ్యి తీసి పాతిపెట్టారు. ఇలాంటి వేళ ఉమ్మడి కేంద్రం రెండువైపులా పదునున్న కత్తి. ఊళ్లన్నిటి పండూ ఒక్కచోటికి వస్తుంది కాబట్టి, తొట్టిలో తేలిన కాయను చూసి ఏ ఊళ్లో పురుగు పడిందో అక్కడే ముందు తెలుస్తుంది. ఊరు మారే గోనెసంచిలో ఎక్కి అదే పురుగు ఇంకో ఊరికీ వెళ్తుంది. సంచుల్ని వేడినీళ్లలో ముంచి తీస్తే ఆ దారి మూసుకుంటుంది.

పురుగు మందుకన్నా గట్టిగా పనిచేసేది తోట ఊడ్చినట్టు కోయడం. చివరి కోతలో నాలుగు పండ్లు కొమ్మకు వదిలేయడం, రాలినవి ఆకుల కింద ఉండిపోవడం ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు అవే పురుగుకు వానాకాలం దాకా ఇల్లు. కోతలు ముగిశాక, మార్చి ఏప్రిల్లో తొలి జల్లు పడి తోటంతా మల్లెపూవులా తెల్లగా విచ్చుకోక ముందే, పనస చెట్ల కిందా, మిరియాల తీగ అల్లుకున్న సిల్వర్ ఓక్ మొదళ్ల దగ్గరా ఆకులు తప్పించి, రాలిన పండ్లను ఒక్కొక్కటిగా ఏరాలి. కూలి గిట్టని పని అది. నడుముకు కట్టిన చిన్న సంచిలో సాయంత్రానికి రెండు కిలోలు కూడా నిండవు. ఆ రెండు కిలోలనూ కొని మరిగించే ఏర్పాటు ఊరూరా ఉండాలి.